ఒకే పేరు, ఎందరో లాస్‌లోలు



ఈ నెల నాలెడ్జ్ పేజీలో ఒక దేశం గురించో, ఒక శాస్త్రవేత్త గురించో కాకుండా ఒక పేరు గురించి చదువుకుందాం. పిల్లలతో కలిసి కూర్చుని చదివితే ఇంకా బాగుంటుంది. మధ్యలో ఒక లెక్క కూడా ఉంది, అది మాత్రం వాళ్లకే వదిలెయ్యండి.

మీ బాబు లేదా పాప పేరే ఉన్న పిల్లలు వాళ్ల క్లాస్‌లో ఇంకెంతమంది ఉన్నారో ఒకసారి అడిగి చూడండి. మా సెక్షన్లలో "సాయీ" అని పిలిస్తే ముగ్గురు లేచి నిలబడతారు. అటెండెన్స్‌లో మేము ఇనీషియల్‌తో విడదీస్తాం. పిల్లలేమో పొడుగు సాయి, కళ్లజోడు సాయి అని వాళ్ల పద్ధతిలో వాళ్లు విడదీసుకుంటారు. ఇది మన ఒక్కరి సంగతి కాదు. ప్రతి భాషలోనూ తరాల తరబడి తల్లిదండ్రులు ఇష్టపడి పెట్టుకునే పేర్లు కొన్ని ఉంటాయి. హంగేరీలో అలాంటి పేరు లాస్‌లో.

హంగేరీ ఐరోపా మధ్యలో, సముద్రతీరం లేని చిన్న దేశం. జనాభా కోటి కన్నా తక్కువ, అంటే మన తెలంగాణ జనాభాలో మూడో వంతు కూడా ఉండదు. అయినా లాస్‌లో అనే ఒక్క పేరుతో ఆ దేశం నుంచి వచ్చినవాళ్ల జాబితా చూస్తే ఆశ్చర్యం వేస్తుంది. మీ పిల్లల పౌచ్‌లో ఉన్న పెన్ను వెనక ఒక లాస్‌లో ఉన్నారు. చెస్ చరిత్రలో ఒక లాస్‌లో, గణితంలో అత్యున్నత బహుమతి అందుకున్న ఒక లాస్‌లో, 2025లో సాహిత్యానికి నోబెల్ అందుకున్న ఒక లాస్‌లో ఉన్నారు.

ముందు ఉచ్చారణ. ఇంగ్లిష్ స్పెల్లింగ్ చూసి చాలామంది "లాస్‌జ్‌లో" అని చదువుతారు. హంగేరియన్‌లో ఎస్, జెడ్ పక్కపక్కన వస్తే మన "స" పలుకుతుంది. ఒక్క ఎస్ మాత్రమే ఉంటే "శ" అవుతుంది. అచ్చు మీద చిన్న గీత ఉంటే దీర్ఘం. హ్రస్వం, దీర్ఘం అనే తేడా మన పిల్లలకు అచ్చులు నేర్చుకున్న రోజు నుంచీ తెలుసు కాబట్టి, ఈ పేరు పలకడం ఇంగ్లిష్ పిల్లల కన్నా మన పిల్లలకే తేలిక. ఇంట్లో ముద్దుగా "లాత్సి" అని పిలుస్తారు.

పేరు నిజానికి హంగేరియన్ మాట కాదు. స్లావ్ భాషల్లోని వ్లాదిస్లావ్ నుంచి వచ్చింది. పాలించడం, కీర్తి అనే రెండు మాటల కలయిక అది. వాడుకలో అరిగి అరిగి లాస్‌లో అయింది.

ఇంటిపేరు ముందు

రెండో సంగతి మనకు బాగా దగ్గరగా ఉంటుంది. హంగేరియన్లు ఇంటిపేరు ముందు రాస్తారు, పెట్టిన పేరు తర్వాత. లొవాస్ లాస్‌లో, బీరో లాస్‌లో, పొల్గార్ లాస్‌లో. గురజాడ అప్పారావు, కందుకూరి వీరేశలింగం, కోనేరు హంపి లాగే. ఐరోపాలో మిగతా దేశాలవాళ్లు పెట్టిన పేరు ముందు చెప్పి ఇంటిపేరు చివర చెబుతుంటే, హంగేరియన్లు మాత్రం తమ వరుస వదల్లేదు. ఇంగ్లిష్ పుస్తకాల్లో మాత్రం వాళ్ల పేర్లు తిరగేసి లాస్‌లో లొవాస్, లాస్‌లో బీరో అని వేస్తారు. అందుకే ఒకే మనిషి పేరు రెండు వరుసల్లో కనిపిస్తుంది.

ఇది చదువుతుంటే మీలో చాలామందికి అప్లికేషన్ ఫారాలు గుర్తొచ్చి ఉంటాయి. ఫస్ట్ నేమ్, లాస్ట్ నేమ్ అనే గడులు ఇంటిపేరు చివర రాసేవాళ్ల కోసం తయారైనవి. మనవాళ్లు ఫస్ట్ అంటే మొదట వచ్చేది కదా అని ఇంటిపేరు రాసేస్తారు. ఇంకొందరు ఇనీషియల్ రాసి వదిలేస్తారు. టెన్త్ మెమోలో ఇనీషియల్, ఆధార్‌లో పూర్తి ఇంటిపేరు, పాస్‌పోర్టులో మొత్తం పేరు ఒకే గడిలో ఉంటే, పిల్లలు పై చదువులకు వెళ్లే రోజున అవి మూడు వేర్వేరు పేర్లలా కనిపిస్తాయి. పాస్‌పోర్టులో గివెన్ నేమ్ గడి ఖాళీగా ఉంటే అమెరికా వీసాలో ఆ చోట ఎఫ్‌ఎన్‌యూ అని మూడు అక్షరాలు వేస్తారు. ఫస్ట్ నేమ్ తెలియదు అని దాని అర్థం. పద్దెనిమిదేళ్లు ఒక పేరుతో పెరిగిన పిల్లకి అది ఎలా ఉంటుందో ఆలోచించండి. అందుకే మీ పిల్లలు నైన్త్‌లోకి వచ్చేలోపే బర్త్ సర్టిఫికెట్, ఆధార్, స్కూల్ రికార్డు మూడూ పక్కపక్కన పెట్టుకుని అక్షరం అక్షరం సరిచూడండి. లాస్ట్ నేమ్ అంటే ఇంటిపేరు, అది మీ ఇంట్లో ముందు పలికినా సరే. లాస్‌లోలు కూడా ఇంగ్లిష్ ఫారాల్లో ఇదే చేస్తారు.

ఇంకొక విషయం. హంగేరీలో పిల్లలకు తోచిన పేరు పెట్టేయడం కుదరదు. అనుమతించిన పేర్ల జాబితా ఒకటి ఉంటుంది, భాషాశాస్త్ర పరిశోధన సంస్థ దాన్ని చూసుకుంటుంది. జాబితాలో లేని కొత్త పేరు కావాలంటే దరఖాస్తు పెట్టుకోవాలి. పైగా ప్రతి పేరుకీ క్యాలెండర్‌లో ఒక రోజు ఉంటుంది. లాస్‌లోలకు జూన్ 27. ఆ రోజు వాళ్లకు పుట్టినరోజులాగే శుభాకాంక్షలు అందుతాయి.

ఆ తేదీ ఒక రాజుది. 1077 నుంచి 1095 వరకు పాలించిన మొదటి లాస్‌లో రాజును 1192లో చర్చి పునీతుడిగా ప్రకటించింది. అప్పటినుంచి ఈ పేరుకు గౌరవం పెరిగింది. పునీతుడే అయినా ఆయన చట్టాలు చాలా కఠినంగా ఉండేవి. కోడిపెట్ట ఖరీదును మించిన వస్తువు దొంగిలిస్తే ఉరిశిక్ష. హిస్టరీ క్లాస్‌లో పిల్లలకు ఇది చెబితే రాజు పేరు మరిచిపోయినా కోడిని మరిచిపోరు.

పౌచ్‌లో ఉన్న లాస్‌లో

బీరో లాస్‌లో 1899 సెప్టెంబర్ 29న బుడాపెస్ట్‌లో పుట్టారు. జర్నలిస్టు. అప్పట్లో రాయాలంటే ఇంకు పెన్నే. ఇంకు నింపుకోవాలి, అది కారుతుంది, రాసింది ఆరేదాకా ఆగాలి. ప్రెస్‌లో పేపరు అచ్చు వేసే ఇంకు మాత్రం వెంటనే ఆరిపోవడం ఆయన గమనించారు. ఆ ఇంకునే పెన్నులో పోస్తే? పోశారు. అది చిక్కగా ఉండి పాళీ దాకా దిగనే లేదు.

అక్కడ ఆగిపోయి ఉంటే మామూలు కథ. ఇంకును మార్చకుండా పెన్ను మొననే మార్చాలని ఆయన అనుకున్నారు. కొనలో ఒక చిన్న గుండు పెట్టాలి. కాగితం మీద దొర్లేకొద్దీ అది వెనక ఉన్న ఇంకును కొంచెం కొంచెం తీసుకొచ్చి పూస్తుంది. ఈ గుండు ఆలోచన పూర్తిగా కొత్తది కాదు. 1888లోనే అమెరికాలో జాన్ లౌడ్ అనే ఆయన అలాంటిదానికి పేటెంట్ తీసుకున్నారు. కానీ అది తోలు లాంటి గరుకు వస్తువుల మీద గీయడానికే పనికొచ్చింది, కాగితం మీద ఉత్తరం రాయడానికి కాదు. ఇంకు పల్చగా ఉంటే కారుతుంది, చిక్కగా ఉంటే దిగదు. అసలు చిక్కు ఆ మధ్యస్థం దొరకడంలో ఉంది. లాస్‌లో సోదరుడు గ్యోర్గికి రసాయనాలు తెలుసు. సోదరులిద్దరూ కలిసి గుండుకు సరిపోయే ఇంకు తయారు చేశారు. 1938లో పేటెంట్ తీసుకున్నారు.

ఆ ఏడాది హంగేరీలో యూదులకు వ్యతిరేకంగా చట్టాలు మొదలయ్యాయి. బీరో యూదు కుటుంబంవాడు. దేశం వదిలి చివరికి అర్జెంటీనా చేరారు. 1943లో అక్కడ మళ్లీ పేటెంట్ తీసుకుని తయారీ మొదలుపెట్టారు. విమానం పైకి వెళ్లినప్పుడు గాలి ఒత్తిడి తగ్గి ఇంకు పెన్నులు కక్కేస్తాయి. ఈ గుండు పెన్ను కక్కలేదు. బ్రిటన్ వైమానిక దళం తన సిబ్బంది కోసం 30,000 పెన్నులు కొంది. తర్వాత ఫ్రాన్స్‌కు చెందిన మార్సెల్ బిష్ హక్కులు కొనుక్కుని, 1950లో చవకైన ప్లాస్టిక్ పెన్ను తెచ్చారు. ప్రపంచమంతా పాకింది అదే.

ఇంగ్లండ్‌లో ఇప్పటికీ బాల్ పెన్నుని "బైరో" అంటారు. అర్జెంటీనాలో "బిరోమె" అంటారు, అందులో సగం ఆయన పేరు, సగం ఆయన పార్ట్‌నర్ మైనే పేరు. మనం డాట్ పెన్ అంటున్నాం, ఆయన పేరు మన దాకా రాలేదు. అర్జెంటీనాలో సెప్టెంబర్ 29ని ఆవిష్కర్తల దినంగా జరుపుతారు. సొంత దేశం పొమ్మన్న మనిషి పుట్టినరోజును ఇంకో దేశం పండుగ చేసుకుంటోంది.

ఈ రాత్రి ఒక పాత రీఫిల్ మొనను భూతద్దంతో చూపించండి. గుండు కనిపిస్తుంది.

ముగ్గురు ఆడపిల్లల తండ్రి

ఇక్కడ కొంచెం ఎక్కువసేపు ఆగుతాను. ఎందుకంటే ఈ లాస్‌లో మీలాగే ఒక తండ్రి.

పొల్గార్ లాస్‌లో 1946లో పుట్టారు. చదివింది విద్య, మనస్తత్వశాస్త్రం. ఎందరో గొప్పవాళ్ల జీవితాలు చదివి, మేధావులు పుట్టరు, తయారవుతారు అనే నిర్ణయానికొచ్చారు. చిన్నప్పుడే మొదలుపెట్టి ఒక విషయాన్ని లోతుగా నేర్పితే ఏ ఆరోగ్యవంతమైన బిడ్డయినా ఆ స్థాయికి చేరుతుందని ఆయన వాదన. చెప్పి ఊరుకోలేదు. పెళ్లికి ముందే ఈ ప్రయోగం సంగతి ఉత్తరాల్లో రాసి, దానికి ఒప్పుకున్న క్లారా అనే టీచర్‌ను పెళ్లి చేసుకున్నారు. 1969లో జుజా, 1974లో జోఫియా, 1976లో యుదిత్ పుట్టారు. ముగ్గురినీ స్కూల్‌కు పంపకుండా ఇంట్లోనే చదివించారు. అప్పటి ప్రభుత్వంతో అనుమతుల కోసం గట్టిగానే పోరాడాల్సి వచ్చింది.

జుజా నాలుగేళ్ల వయసులో బుడాపెస్ట్‌లో పదకొండేళ్ల లోపు ఆడపిల్లల చెస్ పోటీలో పదికి పది ఆటలూ గెలిచింది. 1991లో మగవాళ్లకు ఏ ప్రమాణమో అదే ప్రమాణం మీద గ్రాండ్‌మాస్టర్ అయింది, అలా సాధించిన మొదటి మహిళ ఆమే. జోఫియా పద్నాలుగేళ్లకే 1989లో రోమ్ టోర్నమెంట్‌లో 9 ఆటలకు 8.5 పాయింట్లు తెచ్చుకుని గ్రాండ్‌మాస్టర్ల మధ్య మొదటి స్థానంలో నిలిచింది. అందరికన్నా చిన్నది యుదిత్ 1991లో 15 ఏళ్ల 4 నెలల వయసుకి గ్రాండ్‌మాస్టరై, బాబీ ఫిషర్ పేరు మీదున్న రికార్డు బద్దలు కొట్టింది. ప్రపంచ ర్యాంకింగుల్లో మొదటి పది మందిలోకి వచ్చిన మహిళ ఇప్పటికీ ఆమె ఒక్కరే. 1988 చెస్ ఒలింపియాడ్‌లో హంగేరీ మహిళల జట్టు స్వర్ణం గెలిచింది. నలుగురి జట్టులో ముగ్గురు ఈ అక్కచెల్లెళ్లే.

దీనికి మన ఆంధ్రలో ఒక కొనసాగింపు ఉంది. గుడివాడలో పుట్టిన కోనేరు హంపికి మొదటి కోచ్ నాన్న అశోక్ గారే, కూతురి ఆట కోసం ఆయన ఉద్యోగం మానేశారు. 2002లో హంపి 15 ఏళ్ల 1 నెల 27 రోజులకు గ్రాండ్‌మాస్టరై, మహిళల్లో యుదిత్ రికార్డును మూడు నెలల తేడాతో దాటింది. ఆ తర్వాత 2019లో, మళ్లీ 2024లో ప్రపంచ రాపిడ్ ఛాంపియన్.

ఈ కథ "ఏ పిల్లనైనా జీనియస్ చెయ్యొచ్చు" అనే హెడ్డింగ్‌తో తిరుగుతూ ఉంటుంది. పేరెంట్స్ మీటింగుల్లో కూడా ఎవరో ఒకరు గుర్తు చేస్తారు. అయితే కథ చెప్పేటప్పుడు వదిలేసే సంగతులు కొన్ని ఉన్నాయి, అవే ముఖ్యం అని నా అభిప్రాయం.

మొదటిది, గంటలు. పొల్గార్ కుటుంబంలో ఖర్చయిన సమయం పిల్లలది మాత్రమే కాదు. నాన్న రోజంతా వాళ్లతోనే. వేల చెస్ పొజిషన్లు ఏరి కూర్చినవాడు ఆయన. తర్వాత వాటిలో 5334 ఒక లావుపాటి పుస్తకంగా వచ్చాయి. దేశదేశాల టోర్నమెంట్లకు పిల్లల్ని వెంటబెట్టుకుని తిరిగింది అమ్మ. ఫీజు కట్టి, ఫౌండేషన్ కోర్సులో చేర్పించి, "ఇక మీరే చూసుకోండి మేడమ్" అనడానికి, ఆయన చేసినదానికి పోలిక లేదు. మీ ఉద్యోగాలు, షిఫ్టులు, ట్రాఫిక్ నాకు తెలుసు. అందరూ ఆయనలా ఉండాలనడం లేదు. ఆయన ఫలితాన్ని ఆయన సమయం లేకుండా ఆశించడమే ఇబ్బంది.

రెండోది, పిల్ల ఇష్టం. చెస్ బోర్డును ఇంట్లో చూసి ఇదేమిటి అని అడిగింది జుజాయే. గెలిచిందో ఓడిందో అక్కడికక్కడే తేలిపోయే ఆట కాబట్టి తండ్రికి కూడా నచ్చింది. ఆయన గొప్ప ఆటగాడేమీ కాదు, యుదిత్ ఐదేళ్లకే ఆయన్ని ఓడించేసింది. ఓడిపోవడం ఆయనకు ఇబ్బందిగా అనిపించలేదు.

మూడోది నాకు బాగా నచ్చే విషయం. ఇల్లు ఒకటే, తల్లిదండ్రులు వాళ్లే, పద్ధతి అదే, అయినా ఫలితాలు మూడు రకాలు. జుజా మహిళల ప్రపంచ ఛాంపియన్ అయింది. యుదిత్ మహిళల టైటిల్ జోలికే వెళ్లకుండా మగవాళ్ల మధ్యే ఆడింది. జోఫియా చెస్ నుంచి మెల్లగా చిత్రకళ వైపు వెళ్లింది. ఆమె ఓడిపోయినట్టా? రోమ్‌లో ఆ తొమ్మిది ఆటలు ఆడిన మనిషిని అలా అనగలమా?

ఇక్కడ హైస్కూల్ పిల్లలకు ఒక సైన్స్ ప్రశ్న వేయొచ్చు. ఈ ప్రయోగం ఆయన వాదనను నిరూపించిందా? ముగ్గురు పిల్లలే, పైగా ఒకే అమ్మానాన్నలకు పుట్టినవాళ్లు. శిక్షణ వల్ల వచ్చిందెంత, పుట్టుకతో వచ్చిందెంత అని విడదీయడానికి దారి లేదు. ఆయనకూ ఆ సంగతి తెలుసు. వేరే దేశం నుంచి పిల్లల్ని దత్తత తీసుకుని మళ్లీ ప్రయోగం చేద్దామా అనుకున్నారు. క్లారా వద్దన్నారు. ఈ కథ మొత్తంలో అందరికన్నా తెలివైన మాట ఆమెదేననిపిస్తుంది నాకు.

రింగు, మైదానం

ఆటలంటే ఇష్టమున్న పిల్లలకు ఇద్దరు లాస్‌లోలు. పాప్ లాస్‌లో బాక్సర్. 1948 లండన్, 1952 హెల్సింకి, 1956 మెల్‌బోర్న్ ఒలింపిక్స్‌లో వరసగా మూడు స్వర్ణాలు. బాక్సింగ్‌లో అలా గెలిచిన మొదటి వ్యక్తి. తర్వాత ప్రొఫెషనల్‌గా మారి ఒక్క పోటీ కూడా ఓడిపోలేదు. ప్రపంచ టైటిల్ పోరు దగ్గరకు రాగానే 1965లో ప్రభుత్వం అనుమతి వెనక్కి తీసుకుంది. ఇప్పుడు బుడాపెస్ట్‌లో పెద్ద ఇండోర్ స్టేడియానికి ఆయన పేరే ఉంది. రెండో ఆయన కుబాలా లాస్‌లో, ఫుట్‌బాలర్. చెకొస్లొవేకియా, హంగేరీ, స్పెయిన్ మూడు దేశాల జట్లకూ ఆడారు. బార్సిలోనా క్లబ్ ఆయన విగ్రహం పెట్టుకుంది.

లెక్కల లాస్‌లో

లొవాస్ లాస్‌లో 1948లో బుడాపెస్ట్‌లో పుట్టారు. అంతర్జాతీయ గణిత ఒలింపియాడ్‌లో 1964, 1965, 1966 మూడేళ్లూ స్వర్ణం. హంగేరీ టీవీలో విద్యార్థుల్ని గాజు గదుల్లో కూర్చోబెట్టి లెక్కలు ఇచ్చే పోటీ ఒకటి ఉండేది, అందులోనూ గెలిచారు. ఆ రోజుల్లో ఆ దేశంలో జనం టీవీ ముందు కూర్చుని లెక్కల పోటీ చూశారు మరి! 2021లో అబెల్ ప్రైజ్ ఆయనకు, అవి విగ్డర్సన్‌కు కలిపి ఇచ్చారు. గణితంలో నోబెల్ లేదు, అబెల్‌ను దానితో సమానంగా చూస్తారు.

ఆయన పని ఎక్కువగా గ్రాఫ్ థియరీలో. ఇక్కడ గ్రాఫ్ అంటే గ్రాఫ్ పేపర్ మీద గీసేది కాదు. కొన్ని చుక్కలు, వాటిని కలిపే గీతలు, అంతే. చుక్కలు ఊళ్లు అనుకుంటే గీతలు రోడ్లు. చుక్కలు మనుషులైతే గీతలు పరిచయాలు. 1982లో ఇద్దరు లెన్‌స్ట్రా సోదరులతో కలిసి ఆయన ఇచ్చిన ఒక అల్గారిథమ్‌ను మూడు ఎల్‌లు అని పిలుస్తారు, లెన్‌స్ట్రా, లెన్‌స్ట్రా, లొవాస్ అని. రహస్య సంకేతాలు ఎంత గట్టివో పరీక్షించడానికి అది ఈనాటికీ వాడుకలో ఉంది. ఆయన కొడుకు పేరూ లాస్‌లోయే, అతనూ గణిత పరిశోధకుడే. ఆ ఇంట్లో ఫోన్ వస్తే ఎవరికని అడుగుతారో!

ఇంత చిన్న దేశంలో ఇంతమంది గణితవేత్తలు ఎలా అని అందరూ అడుగుతారు. కారణాలు చాలానే చెబుతారు కానీ ఒకటి మాత్రం టీచర్‌గా నాకు అసూయ పుట్టిస్తుంది. గ్యోర్ అనే ఊళ్లో అరాన్య్ దానియెల్ అనే స్కూల్ టీచర్ 1894లో హైస్కూల్ పిల్లల కోసం ఒక లెక్కల మాసపత్రిక మొదలుపెట్టారు. ప్రతి నెలా కొన్ని లెక్కలు. పిల్లలు పోస్టులో జవాబులు పంపుతారు, మంచి జవాబులు పిల్లల పేర్లతో అచ్చవుతాయి. ఆ పత్రిక ఇప్పటికీ నడుస్తోంది. అందులో ఆప్షన్లు ఉండవు, నిమిషానికి ఒక లెక్క అనే తొందరా ఉండదు. ఒక లెక్కతో వారాల తరబడి గడపొచ్చు.

అలాంటి లెక్క ఒకటి ఇక్కడ. 1947లో హంగేరీ విద్యార్థుల పోటీలో ఇచ్చారు. ఏ ఆరుగురు మనుషుల్ని తీసుకున్నా, వాళ్లలో ఒకరికొకరు తెలిసిన ముగ్గురైనా ఉంటారు, లేదా ఒకరికొకరు అస్సలు తెలియని ముగ్గురైనా ఉంటారు. ఎందుకు?

పెళ్లిలో భోజనాల దగ్గర ఒక టేబుల్ చుట్టూ ఆరుగురు కూర్చున్నారనుకోండి. వారిలో ఒకరిని, రమను తీసుకుందాం. మిగతా ఐదుగురిలో రమకు తెలిసినవాళ్లు, తెలియనివాళ్లు అని రెండు గుంపులు చేస్తే ఒక గుంపులో కనీసం ముగ్గురు ఉండి తీరాలి. ఆ ముగ్గురూ రమకు తెలిసినవాళ్లే అనుకుందాం. వాళ్లలో ఏ ఇద్దరికి పరిచయం ఉన్నా, ఆ ఇద్దరూ రమా కలిసి ఒకరికొకరు తెలిసిన ముగ్గురయ్యారు. ఏ ఇద్దరికీ పరిచయం లేకపోతే, ఆ ముగ్గురే ఒకరికొకరు తెలియని ముగ్గురు. రమకు తెలియని ముగ్గురున్నా ఇదే దారి. ఫార్ములా ఒక్కటి కూడా అక్కర్లేదు. ఈ పేరా ముందే పిల్లలకు చదివి వినిపించకండి, కనీసం రెండు రోజులు ఆగండి. చుక్కలు పెట్టి రెండు రంగుల స్కెచ్‌లతో గీసుకోమనండి. ఐదుగురైతే ఇది ఎందుకు కుదరదో కనిపెట్టినవాళ్లు నాకు రాసి పంపవచ్చు.

ఫుల్‌స్టాప్ పెట్టని లాస్‌లో

క్రాస్నహొర్కయి లాస్‌లో 1954లో గ్యులా అనే చిన్న పట్టణంలో పుట్టారు. మొదటి నవల 1985లో వచ్చింది. దాన్ని బేలా తార్ ఏడు గంటలకు పైగా నడిచే సినిమాగా తీశారు. 2015లో అంతర్జాతీయ బుకర్, 2025లో నోబెల్. ఆయన వాక్యాలు పేజీల తరబడి ఆగవు. ఇంగ్లిష్ టీచర్‌గా నేను రన్-ఆన్ సెంటెన్స్‌కి రోజూ ఎర్ర పెన్నుతో సున్నా చుడుతుంటాను. ఈయన ఒక నవల మొత్తాన్ని ఒకే వాక్యంగా రాశారు. మా సెవెన్త్ వాళ్లకు ఈ సంగతి ఇంకా చెప్పలేదు, మీరూ చెప్పకండి.

మన న్యూస్‌లెటర్ రెండు భాషల్లో వస్తుంది కాబట్టి ఇంకో సంగతి. హంగేరియన్ మాట్లాడేవాళ్లు ప్రపంచం మొత్తం మీద కోటిన్నర కన్నా తక్కువ. 2011 జనాభా లెక్కల ప్రకారం మన దేశంలో తెలుగు మాతృభాషగా ఉన్నవాళ్లు 8 కోట్ల పైన. క్రాస్నహొర్కయి రాసేది హంగేరియన్‌లోనే. ఇంగ్లిష్ పాఠకులు ఆయన్ని జార్జ్ సిర్తెష్ లాంటి అనువాదకుల ద్వారా చదివారు. సిర్తెష్ బుడాపెస్ట్‌లో పుట్టి, 1956లో ఎనిమిదేళ్ల పిల్లాడిగా శరణార్థిగా ఇంగ్లండ్ చేరి, ఇంగ్లిష్ కవి అయ్యారు. రెండు భాషలూ వచ్చిన ఒక మనిషి ఉండబట్టే ఆ పుస్తకం దాటి వెళ్లింది. "ఇంట్లో కూడా ఇంగ్లిషే మాట్లాడమంటున్నాం మేడమ్" అని చాలామంది గర్వంగా చెబుతారు. ఇంగ్లిష్ నేర్పడం నా పని, అది నేను చేస్తాను. నానమ్మతో, అమ్మమ్మతో మాత్రం తెలుగులోనే మాట్లాడనివ్వండి.

పేరూ ఒకటే, ఇంటిపేరూ ఒకటే అయితే?

హంగేరీలో బాగా వినిపించే ఇంటిపేరు నాజ్, అంటే పెద్ద అని అర్థం. కొవాచ్ అంటే కమ్మరి, సాబో అంటే దర్జీ. ఇక నాజ్ లాస్‌లో అంటే ఎవరు? 1925లో పుట్టిన కవి ఒకరు. చెల్లెలు మరియానాతో కలిసి 1952, 1956 వింటర్ ఒలింపిక్స్‌లో కాంస్యం గెలిచిన స్కేటర్ ఒకరు. బార్సిలోనాకు ఆడిన హ్యాండ్‌బాల్ ఆటగాడు ఇంకొకరు. ఈ గందరగోళంలో ఒక చిత్రకారుడు తెలివైన పని చేశారు. తన పేరులోని నాజ్‌కు ముందు, తాను పెరిగిన మొహోల్ అనే ఊరి పేరు తగిలించుకుని మొహొయ్-నాజ్ లాస్‌లో అయ్యారు. జర్మనీలోని బౌహౌస్ డిజైన్ స్కూల్‌లో పాఠాలు చెప్పి, 1937లో షికాగోలో కొత్త స్కూల్ పెట్టారు. ఊరి పేరును ఇంటిపేరు చేసుకోవడం మనవాళ్లకు కొత్త కాదు కదా.

ఈ నెల యాక్టివిటీ ఇదే. మీ పిల్లల పేరే ఉన్న ముగ్గురిని వాళ్లనే వెతకమనండి. ఒకరు మీ బంధువుల్లో, ఒకరు పుస్తకాల్లో, ఒకరు ఇరుగుపొరుగులో. ఒక్కొక్కరి పూర్తి పేరు, ఇంటిపేరు ఎక్కడినుంచి వచ్చింది, ఊరు, ఏం పని చేస్తారు అని నాలుగు లైన్లు రాయించండి. ఇంటిపేరు అర్థం మీకు తెలియకపోతే ఊళ్లో పెద్దవాళ్లకు ఒక ఫోన్ చెయ్యండి. తెలుగులో రాసినా, ఇంగ్లిష్‌లో రాసినా తీసుకుంటాను. క్లాస్ టీచర్‌కు ఇస్తే చాలు, వచ్చే నెల బోర్డు మీద పెడదాం.